కింద అద్దెకు, పైన మనం: హైదరాబాద్‌లో పోర్షన్ల ఇల్లు కొనడం ఎలా

"అద్దె కట్టే బదులు ఈఎంఐ కట్టుకుంటే సొంతిల్లు అవుతుంది కదా" అని మీకు ఇప్పటికే పదిమంది చెప్పి ఉంటారు. పోర్షన్లున్న ఇల్లు చూడటం మొదలుపెడితే ఇంకో మాట కూడా వినబడుతుంది: "కింద అద్దెకిచ్చేయండి, ఈఎంఐ అదే వెళ్లిపోతుంది." మొదటి మాటలో కొంత నిజముంది. రెండో మాట నమ్మి కొంటే మూడో నెలకే టెన్షన్ మొదలవుతుంది. హైదరాబాద్‌లో ఇళ్ల ధరలకు, వచ్చే అద్దెలకు మధ్య ఉన్న తేడా అలాంటిది. అద్దె ఈఎంఐలో మూడో వంతు మోస్తే చాలా బాగా కొన్నట్టు లెక్క. ఆ మూడో వంతు కూడా ఆగకుండా రావాలంటే అద్దెకుండేవాళ్ల కళ్లతో ఇల్లు చూసి కొనాలి.

మేము 2019లో ఉప్పల్ వైపు 30 బై 40 ప్లాటులో, అంటే 133 గజాల్లో, జీ ప్లస్ వన్ ఇల్లు కొన్నాం. పైన మేముంటాం, కింద ఒక సింగిల్ బెడ్‌రూమ్ పోర్షన్, ఒక రూమ్-కిచెన్ అద్దెకిస్తాం. అంతకుముందు పదకొండేళ్లు అద్దె ఇళ్లలో ఉన్నాం. రెండు వైపులా ఉండి చూశాను కాబట్టి, మొదటి ఇల్లు కొనబోతున్న మీకు వరుసగా ఏం చేయాలో రాస్తున్నాను.

ముందు కాగితం మీద లెక్క వేయండి

ఇల్లు చూడటానికి వెళ్లకముందే ఈ పని చేయండి. ఇల్లు నచ్చాక వేసే లెక్కలో మనకు తెలియకుండానే అద్దె పెరుగుతుంది, ఖర్చు తగ్గుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 120 గజాల్లో జీ ప్లస్ టూ ఇల్లు, ధర 90 లక్షలు. మధ్య అంతస్తులో మీరుంటారు. కింద పార్కింగ్ పోగా ఉన్న సింగిల్ బెడ్‌రూమ్‌కు 8,000, పైన డబుల్ బెడ్‌రూమ్‌కు 13,000 అద్దె వస్తుందనుకోండి. రెండూ కలిపి నెలకు 21,000.

బ్యాంకు ఎంత ఇస్తుంది? రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం 30 లక్షల లోపు లోన్‌కు ఇంటి విలువలో 90 శాతం దాకా, 30 నుంచి 75 లక్షల మధ్య 80 శాతం దాకా, 75 లక్షలు దాటితే 75 శాతం దాకా ఇవ్వొచ్చు. ఇది పై హద్దు మాత్రమే. పాత ఇళ్లకు బ్యాంకు వాల్యూయర్ కట్టే విలువ అమ్మేవాళ్లు చెప్పే ధర కంటే చాలాసార్లు తక్కువే ఉంటుంది. 60 లక్షలు దొరికిందనుకుంటే 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్లకు ఈఎంఐ దాదాపు 52,000.

మిగతా 30 లక్షలు మీ చేతి నుంచి రావాలి. దాంతో అయిపోదు. తెలంగాణలో స్టాంప్ డ్యూటీ 5.5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5, మొత్తం 7.5 శాతం. 90 లక్షలకు అది 6 లక్షల 75 వేలు. ఈ డబ్బును బ్యాంకు ఇంటి ధరలో కలిపి లోన్ ఇవ్వదు, మీరే కట్టుకోవాలి. బ్రోకర్ కమీషన్, లాయర్ ఫీజు, బ్యాంకు ఛార్జీలు, పెయింటింగ్, చిన్నా పెద్దా రిపేర్లు కలిపితే ఇంకో రెండు మూడు లక్షలు. అంటే చేతిలో 40 లక్షలుంటేనే ఈ ఇల్లు మీది. 30 ఉన్నాయి కదా అని దిగి, మిగిలిన పది పర్సనల్ లోన్ తీసి కట్టినవాళ్లను చూశాను. రెండేళ్లు వాళ్ల ఇంట్లో పండగ కళ లేదు.

ఇప్పుడు అద్దె వైపు. నెలకు 21,000 అంటే ఏడాదికి 2 లక్షల 52 వేలు. ప్రతి పోర్షన్ ఏడాదిలో ఒక నెల ఖాళీగా ఉంటుందని తీసేయండి. అతిగా భయపడి చెప్తున్నది కాదు. ఎవరైనా జ్యేష్ఠం చివర్లో ఖాళీ చేస్తే ఆషాఢమంతా టులెట్ బోర్డు వేలాడాల్సిందే, శ్రావణం వచ్చేదాకా కొత్తవాళ్లు పాలు పొంగించరు. ఇంటి పన్ను, మోటార్ రిపేరు, సున్నాలు, ప్లంబర్ కలిపి 30 వేలు తీసేయండి. మిగిలేది 2 లక్షలు, నెలకు 16,700. ఈఎంఐలో ఇది పోగా మీ జీతం నుంచి నెలకు 35 వేల పైనే వెళ్తుంది.

ఆ 35 వేలు, ఇప్పుడు మీరు కడుతున్న అద్దె, ఈ రెంటి మధ్య తేడాను ఇల్లు కొనకముందే ఆరు నెలలపాటు వేరే ఖాతాలో వేసి చూడండి. వేయగలిగితే కొనండి. మేమిలాగే చేశాం. నాలుగో నెలలో పిల్లల స్కూలు ఫీజు వచ్చి వేయలేకపోయాం. అప్పుడే మా బడ్జెట్ పది లక్షలు తగ్గించుకున్నాం.

ఇంకో సంగతి కూడా తెలిసి ఉండాలి. పైన చెప్పిన లోన్‌లో మొదటి ఏడాది మీరు కట్టే 6 లక్షల 25 వేలలో అసలు కిందికి వెళ్లేది లక్షా 20 వేలు దాటదు, మిగతాదంతా వడ్డీ. అందుకే బోనస్ వచ్చినా, చిట్టీ పాడినా కొంత అసలులో వేయండి. వడ్డీ మారుతూ ఉండే ఫ్లోటింగ్ రేటు హోమ్ లోన్‌ను ముందుగా కడితే బ్యాంకు పెనాల్టీ వేయకూడదు.

ఇల్లు చూడటానికి మూడుసార్లు వెళ్లండి

మొదటిసారి బ్రోకర్‌తో వెళ్తారు, అది ఇల్లు నచ్చిందో లేదో తెలుసుకోవడానికి. రెండోసారి మీరొక్కరే ఉదయం ఆరింటికి వెళ్లండి. మంజీరా నీళ్లో కృష్ణా నీళ్లో ఏ రోజు వదులుతారో, ఎంతసేపు వస్తాయో పక్కింటి ఆవిడను అడగండి. ఆ వీధి సంగతి ఆమెకు తెలిసినట్టు బ్రోకర్‌కు తెలియదు. బోరు ఎన్ని అడుగులు, మే నెలలో ఎలా పోస్తుంది, ట్యాంకర్ తెప్పిస్తారా అన్నది కూడా అడగండి. మూడు కుటుంబాలుండే ఇంట్లో నీళ్లు లేకపోతే అద్దె సంగతి తర్వాత, రోజూ పొద్దున్నే మెట్ల మీద గొడవే. ఎండాకాలంలో కొనేవాళ్లకు ఇదొక అదృష్టం: బోరు నిజం ఏప్రిల్, మే నెలల్లోనే బయటపడుతుంది.

మూడోసారి వాన పడ్డ మర్నాడు వెళ్లండి. 2020 అక్టోబర్ వరదలు గుర్తున్నాయి కదా, నగరంలో ఎన్నో కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. మేము 2019లో వెతుకుతున్నప్పుడు ఒక ఇంటి ప్రహరీ మీద మోకాలెత్తున సన్నటి గోధుమరంగు గీత కనబడింది. ఇంటికి కొత్తగా రంగు వేశారు, గేటు మెరిసిపోతోంది, కానీ ఎదురింటి గోడకు రంగు వేయలేదు. అదే ఎత్తున అక్కడ కూడా అదే గీత ఉంది. అడిగితే "ఎప్పుడో నల్లా పైపు పగిలింది సార్" అన్నారు. ధర నచ్చినా వదిలేశాం. ఏడాది తర్వాత ఆ వీధిలోకి వెళ్లి చూశాను, కింది పోర్షన్లలో పరుపులు, బీరువా తలుపులు ఎండలో ఆరేసి ఉన్నాయి.

ఇక అద్దెకు పనికొస్తుందా అన్నది. ఇక్కడ మీరు ఓనర్‌లా కాకుండా టెనెంట్‌లా తిరగండి. మెట్లు బయట ఉండాలి. పై పోర్షన్‌వాళ్లు మీ హాల్లోంచి వెళ్లాల్సి వస్తే వాళ్లకూ మీకూ నరకమే. ప్రతి పోర్షన్‌కు లోపలే బాత్రూమ్, వంటగట్టు, సింక్ ఉండాలి. వంటగదికి కిటికీ ఉందా? పోపు వేస్తే పొగ ఎటు పోతుంది? బట్టలు ఎక్కడ ఆరేసుకుంటారు? రెండు బైకులు పెట్టుకునే చోటుందా? ఆఫీసు నుంచి వచ్చి బైకు వీధిలో పెట్టాల్సి వస్తే చాలామంది ఆ పోర్షన్ తీసుకోరు. బస్టాప్ నుంచి, మెట్రో స్టేషన్ నుంచి నడిచి టైమ్ చూసుకోండి. పది నిమిషాల్లో నడిచి రాగలిగే ఇంటికీ, ఆటో ఎక్కాల్సిన ఇంటికీ అద్దెలో తేడా ఉంటుంది. అంతకంటే ఎక్కువగా, ఎన్నాళ్లు ఖాళీగా ఉంటుందన్నదాంట్లో తేడా ఉంటుంది.

కరెంట్ మీటర్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఇది చిన్న విషయం కాదు. రెండు పోర్షన్లు ఒకే మీటర్ మీద ఉంటే యూనిట్లు కలిసిపోయి స్లాబ్ పెరుగుతుంది. నెలకు 200 యూనిట్లు దాటితే మొదటి యూనిట్ నుంచే ఎక్కువ రేటు పడుతుంది. తెల్ల రేషన్ కార్డున్న కుటుంబం మీ ఇంట్లో అద్దెకుంటే గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు వాళ్లకు జీరో బిల్లు రావచ్చు, వేరే మీటర్ లేకపోతే ఆ లాభం వాళ్లకు పోతుంది. సబ్ మీటర్ పెట్టి యూనిట్‌కు ఇంత అని వసూలు చేసే పద్ధతి వద్దు. నెలనెలా అదే తగువు.

వాస్తు సంగతి. మీకు నమ్మకముంటే చూసుకోండి, నేను కాదనను. తూర్పు ముఖం ఇంటికి ధర ఎక్కువ, దక్షిణం ముఖానికి తక్కువ, అద్దె మాత్రం రెంటికీ దాదాపు ఒకటే. అద్దె కోసమే చూస్తే దక్షిణం ఇల్లు లాభం. కానీ రేపు అమ్మేటప్పుడు కొనేవాళ్లు కూడా అదే పేరు చెప్పి బేరమాడతారని గుర్తుంచుకోండి.

పెంట్‌హౌస్ చూపించి "దీనికి విడిగా ఇంత అద్దె వస్తుంది" అంటే మున్సిపాలిటీ అనుమతిచ్చిన శాంక్షన్ ప్లాన్ అడగండి. ప్లాన్‌లో లేని అంతస్తుకు అద్దె వస్తే రావచ్చు, నోటీసు కూడా వస్తుంది. బ్యాంకు దానికి విలువ కట్టదు. మీరూ సున్నా కట్టండి.

కాగితాలు: ఇక్కడ తొందర వద్దు

నాకు తెలిసినంతలో ఇల్లు కొనడంలో ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. అందుకే కాస్త వివరంగా చెప్తాను.

అమ్మేవాళ్ల దగ్గర మొదట అడగాల్సింది సేల్ డీడ్ జిరాక్స్, లింక్ డాక్యుమెంట్లు. లింక్ డాక్యుమెంట్లంటే ఈ స్థలం ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందో చెప్పే పాత దస్తావేజులన్నీ. వాటిని తేదీల వరుసలో పెట్టుకుని ఒక తెల్లకాగితం మీద గొలుసులా రాయండి: ఫలానా ఏడాది ఫలానావారు ఫలానావారికి అమ్మారు, డాక్యుమెంట్ నంబర్ ఇంత. ప్రతిదాంట్లో సర్వే నంబర్, ప్లాట్ నంబర్, గజాలు, నాలుగు హద్దులు కలుస్తున్నాయా చూడండి. మా ఇంటి పాత దస్తావేజులో తూర్పు హద్దు 20 అడుగుల రోడ్డు అని ఉంది. టేపు పెట్టి కొలిస్తే 17 అడుగులే. ఎదురింటివాళ్లు మూడు అడుగులు ముందుకొచ్చారు. అది మా ప్లాటు తప్పు కాకపోయినా రేపు కొలతలకొస్తే తగువు మాకూ వస్తుంది. ఆ మాట చెప్పి ధరలో లక్షన్నర తగ్గించుకున్నాం.

తర్వాత ఈసీ, అంటే ఆ ఇంటి మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో 1983 నుంచి చూసుకోవచ్చు. అంతకుముందుది కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అప్లై చేయాలి. అమ్మేవాళ్లు ఇచ్చిన ఈసీ కాగితం తీసుకుని సరిపెట్టుకోకండి, మీరే తీయండి. డాక్యుమెంట్ నంబర్‌తో ఒకసారి, సర్వే నంబర్, ప్లాట్ నంబర్‌తో మరోసారి, ఇంటి నంబర్‌తో ఇంకోసారి. పాత ఇళ్లకు ఒక్కో డీడ్‌లో ఒక్కో వివరం ఉంటుంది కాబట్టి ఒక పద్ధతిలో కనబడనిది ఇంకో పద్ధతిలో కనబడుతుంది.

ఈసీ క్లీన్‌గా ఉందంటే గొడవ లేదని కాదు. రిజిస్టర్ కాని అగ్రిమెంట్లు, కోర్టు కేసులు అందులో కనబడకపోవచ్చు. అందుకే ఒరిజినల్ డాక్యుమెంట్లు కళ్లతో చూడాలి. "ఒరిజినల్స్ లాకర్లో ఉన్నాయి, రిజిస్ట్రేషన్ రోజు తెస్తాం" అంటే అడ్వాన్స్ ఇవ్వకండి.

అమ్మే ఇల్లు తండ్రి నుంచి వచ్చిందైతే ఆయన కూతుళ్లెంతమంది అని అడగండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986 హిందూ వారసత్వ చట్ట సవరణతోనే ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకు వాటా ఇచ్చారు, దేశమంతటా 2005లో వచ్చింది. స్వార్జితమైనా వీలునామా రాయకుండా పోతే భార్య, కొడుకులు, కూతుళ్లు అందరూ వారసులే. "అక్కకు పెళ్లప్పుడే ఇచ్చేశాం" అన్నది మాట వరకే. అక్క సంతకం కావాలి. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకుని, అందులో ఉన్న ప్రతి పేరూ సేల్ డీడ్‌లో ఉండేలా చూసుకోండి.

నోటరీ కాగితాల మీద ఉన్న ఇల్లు, జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీద చేతులు మారిన ఇల్లు తక్కువ ధరకు వస్తుంది. జీపీఏ, అగ్రిమెంట్ల మీద జరిగే అమ్మకంతో హక్కు రాదని సుప్రీంకోర్టు 2011లోనే స్పష్టంగా చెప్పింది. మొదటి ఇల్లు కొనేవాళ్లు ఆ వైపు వెళ్లనే వద్దు.

స్థలం సంగతికొస్తే, నిషేధిత ఆస్తుల జాబితా, అంటే 22ఏ లిస్టులో ఆ సర్వే నంబర్ ఉందా చూడండి. ప్రభుత్వ, వక్ఫ్, దేవాదాయ, యూఎల్‌సీ (పట్టణ భూపరిమితి చట్టం) భూములు అందులో ఉంటాయి. గ్రామ పంచాయతీ లేఅవుట్‌లో ప్లాటైతే ఎల్‌ఆర్‌ఎస్, అంటే లేఅవుట్ క్రమబద్ధీకరణ ఫీజు, కట్టారా అడగండి. దగ్గర్లో చెరువుంటే ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు వచ్చే హద్దు), బఫర్ (ఆ హద్దు చుట్టూ ఇళ్లు కట్టకూడని స్థలం) తప్పనిసరిగా చూడాలి. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు బఫర్. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా వచ్చాక ఈ మాట హైదరాబాద్‌లో అందరికీ తెలిసింది, కానీ తెలుసుకునేలోపే ఇల్లు కొనేసినవాళ్లు ఉన్నారు. చెరువు ఎండిపోయి గడ్డి మొలిచి ఉంటే అది చెరువని మనకు తెలియదు. హెచ్‌ఎండీఏ చెరువుల మ్యాపులు చూడండి, ఆ ఊళ్లో పుట్టి పెరిగిన పెద్దవాళ్లనూ అడగండి.

బ్యాంకు లాయర్ ఎలాగూ చూస్తాడు కదా అనుకోవద్దు. ఆయన చూసేది బ్యాంకు డబ్బు కోసం. మీ కోసం మీరొక లాయర్‌ను పెట్టుకుని, రాతపూర్వకంగా లీగల్ ఒపీనియన్ తీసుకోండి. మీరు పెట్టే మొత్తం డబ్బులో ఆయన ఫీజు లెక్కలోకి రాదు.

అగ్రిమెంట్, రిజిస్ట్రేషన్

అగ్రిమెంట్‌లో మొత్తం ధర, ఇచ్చిన అడ్వాన్స్, గడువు ఉంటాయి. వీటితోపాటు ఒక వాక్యం తప్పకుండా రాయించండి: బ్యాంకు లీగల్‌గా గానీ టెక్నికల్‌గా గానీ ఈ ఇంటిని తిరస్కరిస్తే అడ్వాన్స్ మొత్తం ఇన్ని రోజుల్లో తిరిగి ఇవ్వాలి. బ్రోకర్ "అదంతా ఎందుకు సార్, మనవాళ్లే" అంటాడు. మనవాళ్లయితే రాయడానికి ఇబ్బందేముంది?

కొంత బ్లాక్‌లో ఇమ్మంటే ఒప్పుకోకండి. రిజిస్ట్రేషన్ విలువ తగ్గితే మీ లోన్ తగ్గుతుంది. రేపు మీరు అమ్మేటప్పుడు లాభం ఎక్కువ కనబడి పన్ను పెరుగుతుంది. పైగా 2015 జూన్ నుంచి ఇల్లు, స్థలం లావాదేవీలో 20 వేలు, ఆపైన నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం తప్పు.

ధర 50 లక్షలు, ఆపైన ఉంటే అమ్మేవాళ్లకిచ్చే డబ్బులో 1 శాతం టీడీఎస్ పట్టుకుని మీరే ప్రభుత్వానికి కట్టాలి. అమ్మేది అమెరికాలోనో దుబాయ్‌లోనో ఉన్న ఎన్నారై అయితే ఈ 1 శాతం లెక్క చెల్లదు, పట్టుకోవాల్సింది చాలా ఎక్కువ. ఉప్పల్, కూకట్‌పల్లి, ఎల్బీనగర్ ఎక్కడ చూసినా పిల్లలు విదేశాల్లో స్థిరపడి అమ్మేస్తున్న ఇళ్లుంటాయి. అలాంటప్పుడు ముందే చార్టర్డ్ అకౌంటెంట్‌ను కలవండి. పట్టుకోకపోతే తర్వాత నోటీసు వచ్చేది కొన్నవాళ్లకే.

రిజిస్ట్రేషన్ రోజు పని ఒక పూటలో అయిపోతుంది. ఆ రోజే పాత కరెంట్ బిల్లులు, నల్లా బిల్లు, ఇంటి పన్ను బకాయి లేదని రసీదులు తీసుకోండి. ఇంట్లో ముందునుంచే అద్దెకున్నవాళ్లుంటే వాళ్ల అడ్వాన్స్ ఎంతో రాయించి, ఆ మొత్తం ధరలో తగ్గించుకోండి. మేము ఇది మర్చిపోయాం. కింద ఉన్న కుటుంబం పాత ఓనర్‌కిచ్చిన 15 వేలు చివరికి మేమే తిరిగి ఇచ్చాం. వాళ్ల తప్పేం లేదు, వాళ్లకు ఇవ్వాల్సిందే.

అద్దెకిచ్చే ముందు

ఇంటి పన్ను, కరెంట్ మీటర్లు, నల్లా కనెక్షన్ మీ పేరు మీదికి మార్పించండి. నల్లాకు వాటర్ మీటర్ లేకపోతే పెట్టించండి, మీటరుండి ఆధార్ లింక్ అయితేనే జలమండలి ఇచ్చే 20 వేల లీటర్ల ఉచిత నీళ్లు వర్తిస్తాయి. జీహెచ్‌ఎంసీలో ఏడాది ఇంటి పన్ను ఏప్రిల్‌లోనే కడితే 5 శాతం తగ్గుతుంది.

పోర్షన్‌లో ఖర్చు పెట్టాల్సిన చోట్లు మూడే: బాత్రూమ్, వంటగది, తలుపు గడియలు. హాల్లో ఫాల్ సీలింగ్ వేస్తే అద్దె పెరగదు. బాత్రూమ్ టైల్స్ సందుల్లో లీకేజీ ఆపితే, గీజర్ పాయింట్ పెడితే, వంటగట్టు మీద మిక్సీకి ఒక ప్లగ్, ఇండక్షన్ స్టవ్‌కు ఇంకో ప్లగ్ ఇస్తే చూడటానికి వచ్చిన ఇల్లాలు అక్కడే ఆగుతుంది. దోమల మెష్ కూడా వేయించండి. మా రూమ్-కిచెన్ రెండు నెలలు ఖాళీగా ఉండి, మెష్ వేయించిన వారానికి పోయింది.

ఎవరికివ్వాలి, ఎలా ఇవ్వాలి

ఫ్యామిలీకా, బ్యాచిలర్స్‌కా? ఫ్యామిలీ అయితే అద్దె కాస్త తక్కువ, పిల్లల స్కూలు దగ్గర్లో ఉంటే మూడు నాలుగేళ్లు కదలరు. బ్యాచిలర్స్ తలకింత అని పంచుకుంటారు కాబట్టి ఎక్కువ ఇవ్వగలరు, కానీ ఒకరికి ఉద్యోగం మారితే గది ఖాళీ. మేము రూమ్-కిచెన్ ఉద్యోగం చేసుకునే కుర్రాళ్లకు, సింగిల్ బెడ్‌రూమ్ కుటుంబానికి ఇస్తాం. గదికి నలుగురిని పెట్టి భోజనంతో హాస్టల్ నడపాలనుకుంటే అది ఇల్లు అద్దెకివ్వడం కాదు, వ్యాపారం. దాని కరెంటు, లైసెన్సు, లెక్క అన్నీ వేరు.

చూడటానికి వచ్చినవాళ్లను ఎక్కడ పనిచేస్తారు, ఎంతమంది ఉంటారు, ఇంతకుముందు ఎక్కడున్నారు అని అడగండి. వీలైతే పాత ఓనర్‌తో ఫోన్‌లో మాట్లాడండి. కులం అడగకండి. "మీరేమిట్లు?" అన్న ప్రశ్న మమ్మల్ని పదకొండేళ్లలో చాలామంది అడిగారు. జవాబు చెప్పాక ముఖం మారిపోవడం, "ఇప్పుడే వేరేవాళ్లు అడ్వాన్స్ ఇచ్చారు" అనడం నా భార్య, నేను చాలాసార్లు చూశాం. అద్దె సమయానికి ఇవ్వడానికి కులంతో పని లేదు. ఇంటి ఓనరయ్యాక మనం చేయగలిగిన మంచి పనుల్లో ఇదొకటి, దీనికి పైసా ఖర్చు కాదు.

అడ్వాన్స్ హైదరాబాద్‌లో మామూలుగా రెండు నెలలది. అది మీ డబ్బు కాదు. విడిగా ఒక ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేసి మర్చిపోండి. ఈఎంఐకి వాడేసి, ఖాళీ చేసేటప్పుడు "కొత్తవాళ్లు వచ్చాక ఇస్తాం" అనడం ఎంత అవమానమో అద్దెకున్నవాళ్లకు తెలుసు.

అగ్రిమెంట్ 11 నెలలకు రాసుకోవడం అలవాటు. రాసేటప్పుడు ఇవి ఉండాలి: అద్దె, ఏ తేదీలోపు ఇవ్వాలి, మెయింటెనెన్స్‌లో ఏమేం కలుస్తాయి, కామన్ మోటార్ కరెంటు ఎలా పంచుకోవాలి, ఖాళీ చేయాలంటే ఎటువైపు నుంచైనా ఎన్ని రోజుల ముందు చెప్పాలి, ఏడాదికి ఎంత పెంచుతారు, పెయింటింగ్‌కు ఎంత కోస్తారు. చివరిది రాయకపోతే ఖాళీ చేసే రోజు తగువు ఖాయం. ఆధార్ కాపీలు తీసుకుని స్థానిక పోలీస్ స్టేషన్‌లో టెనెంట్ వివరాలివ్వండి. చేరే రోజు ఇద్దరూ కలిసి ప్రతి గదిని ఫోన్‌లో వీడియో తీసి, మీటర్ రీడింగ్ ఫోటోతో సహా ఒకరికొకరు వాట్సాప్‌లో పంపుకోండి.

అద్దె బ్యాంకు ఖాతాకే వేయించుకోండి. దీనికోసం విడిగా ఒక ఖాతా ఉంటే మంచిది. పన్ను లెక్క సులువవుతుంది, నిజంగా ఎంత వచ్చిందో తెలుస్తుంది.

పన్ను గురించి క్లుప్తంగా: వచ్చిన అద్దెలోంచి కట్టిన ఇంటి పన్ను తీసేసి, మిగిలినదాంట్లో 30 శాతం రిపేర్ల పేరుతో తగ్గించుకోవచ్చు, బిల్లులు చూపక్కర్లేదు. అద్దెకిచ్చిన భాగానికి పడే లోన్ వడ్డీ కూడా తగ్గుతుంది. కొత్త పన్ను విధానంలో ఉంటే మీరుంటున్న భాగం వడ్డీకి మినహాయింపు లేదు. అద్దె భాగంలో నష్టం వచ్చినా దాన్ని జీతంలో తగ్గించుకోలేరు. కాబట్టి ఇంట్లో ఎంత భాగం అద్దెకిచ్చారో చదరపు అడుగుల్లో రాసి పెట్టుకోండి.

ఒకే ఇంట్లో ఉంటున్నప్పుడు

పైన ఓనరుంటే కింద అద్దెకుండేవాళ్లకు ఎప్పుడూ ఒక బెరుకు ఉంటుంది. గేటు పదింటికి తాళం వేస్తామని, చుట్టాలు రెండు రోజులకు మించి ఉండకూడదని రూల్స్ పెట్టకండి. వాళ్లు అద్దె కట్టినంతకాలం అది వాళ్లిల్లు. రిపేరు చెప్పిన రోజే ప్లంబర్‌కు ఫోన్ చేయండి. ట్యాప్ కారుతుంటే మూడు వారాలు నాన్చిన ఓనర్ దగ్గర మేమున్నాం, ఆ కోపంతోనే ఖాళీ చేశాం. ఆయనకు 300 రూపాయల వాషర్ పని, రెండు నెలల అద్దెకు దెబ్బపడింది. అద్దె ఏటా 5 శాతం పెంచే బదులు బాగుండే కుటుంబానికి ఒక ఏడాది పెంచకుండా వదిలేయడం చాలాసార్లు లాభమే. 9,000 మీద 5 శాతమంటే ఏడాదికి 5,400. ఒక్క నెల ఖాళీగా ఉంటే అంతకంటే ఎక్కువ పోతుంది.

వాళ్లు ఖాళీ చేస్తామని చెప్పిన రోజే టులెట్ బోర్డు పెట్టండి, కానీ చూడటానికి వచ్చేవాళ్లను వాళ్లను అడగకుండా లోపలికి తీసుకెళ్లకండి. సామాను ఎక్కించే రోజు చేరినప్పటి వీడియో చూసుకుంటూ గదులు తిరగండి. మేకు రంధ్రాలు, అగ్గిపుల్ల మసి లాంటివి వదిలేయండి. మీటర్ రీడింగ్ తీసి, చివరి బిల్లు, పెయింటింగ్‌కు ముందే రాసుకున్న మొత్తం కోసుకుని, మిగిలిన అడ్వాన్స్ ట్రాలీ కదలకముందే వాళ్ల ఖాతాలో వేయండి. తాళంచెవులన్నీ లెక్కపెట్టి తీసుకుని, మర్నాడు పొద్దున్నే రంగులవాడిని పిలవండి.